అటకమీది చందమామ... మళ్లీ అచ్చులోకి

పాత బొమ్మల కథల పునర్ముద్రణలను సేకరించడం ఇవాళ ఒక ప్రత్యేకమైన అభిరుచి. అసలు ప్రతులు అరిగిపోతున్న కాలంలో కథను, బొమ్మను కలిపి తర్వాతి తరానికి అందించే దారి ఇదే. ఎల్లంతకుంట లాంటి మండల కేంద్రంలోనైనా, ఇంకెక్కడైనా ఉన్న తెలుగు పాఠకుడు ఈ సేకరణ మొదలుపెట్టవచ్చు.

ఏది రీప్రింట్?

ఒకప్పుడు వెలువడి, అంగళ్ల నుంచి మాయమైన బొమ్మల పుస్తకాన్ని మళ్లీ అచ్చువేస్తే అది పునర్ముద్రణ. పాఠకుల వాడుకలో రీప్రింట్. ఇందులో మూడు రకాలున్నాయి. మొదటిది యథాతథ ప్రతి. పాత సంచికలోని కథలు, ప్రకటనలు, అట్ట, ధర, చివరికి అచ్చుతప్పులు కూడా ఉన్నవి ఉన్నట్టుగా వస్తాయి. రెండోది సంపుటి. నెలనెలా ముక్కలుగా వచ్చిన సీరియల్‌ను ఒక్కచోట చేర్చి పుస్తకంగా కుడతారు. మూడోది సవరించిన ముద్రణ. బొమ్మలకు కొత్త రంగులు వేసి, అక్షరాలు మళ్లీ కూర్చి, అట్ట మార్చి తెస్తారు. సేకరించేవారు ముందుగా తెలుసుకోవలసింది ఈ తేడానే. ఒకే కథ మూడు రూపాల్లోనూ దొరకవచ్చు, మూడింటి విలువా ఒకటి కాదు.

తెలుగులో ఈ విషయం మాట్లాడేటప్పుడు ఇంకో తేడా కూడా ఉంది. గడులు గడులుగా బొమ్మలు గీసి, పాత్రల మాటలను బుడగల్లో రాసేది కామిక్స్. పేజీకి ఒకటో రెండో బొమ్మలతో కథ నడిపేది బొమ్మల కథ. తెలుగు పిల్లల్లో ఎక్కువమంది పెరిగింది రెండోదాని మీద. అందువల్ల తెలుగు రీప్రింట్ల అరలో కామిక్స్ పక్కనే పిల్లల పత్రిక చందమామ సీరియళ్లు కూడా ఉంటాయి.

రీప్రింట్‌తోనే పుట్టిన కామిక్ పుస్తకం

అమెరికాలో కామిక్ పుస్తకం పుట్టిందే పునర్ముద్రణగా. 1933లో వచ్చిన ‘ఫన్నీస్ ఆన్ పరేడ్’, 1934లో మొదలైన ‘ఫేమస్ ఫన్నీస్’ రెండూ దినపత్రికల్లో అప్పటికే వచ్చిన బొమ్మల కథలను పోగుచేసి అచ్చువేసినవే. కొత్త కథలతో పుస్తకాలు ఆ తర్వాత పుంజుకున్నాయి. 1938లో ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికతో సూపర్‌మ్యాన్ వచ్చాడు. ఆ సంచిక అసలు ప్రతి ఒకటి 2024లో 60 లక్షల డాలర్లకు అమ్ముడుపోయింది. అదే కథ రీప్రింట్‌గా మామూలు పుస్తకం ధరకు దొరుకుతుంది. కథ చదవాలనుకునేవాడికి, వస్తువును సొంతం చేసుకోవాలనుకునేవాడికి దారులు వేరైంది ఇక్కడే. 1987లో మార్వెల్ సంస్థ ‘మాస్టర్‌వర్క్స్’ పేరుతో, 1989లో డీసీ సంస్థ ‘ఆర్కైవ్ ఎడిషన్స్’ పేరుతో పాత సంచికలను గట్టి అట్టల సంపుటాలుగా తేవడం మొదలుపెట్టాయి. పునర్ముద్రణలనే వరుసగా పోగుచేసే పాఠకవర్గం అక్కడ అలా స్థిరపడింది.

భారతదేశంలో కామిక్స్ విస్తరించింది 1960ల్లో. 1964 మార్చిలో టైమ్స్ ఆఫ్ ఇండియా సంస్థ ఇంద్రజాల్ కామిక్స్‌ను ఫాంటమ్ కథతో ప్రారంభించింది. 1990లో ఆగిపోయేనాటికి ఆ వరుసలో 803 సంచికలు వచ్చాయి. 1967లో అనంత్ పాయ్ ఊహతో అమర్ చిత్ర కథ మొదలైంది. దూరదర్శన్ క్విజ్ పోటీలో పిల్లలు శ్రీరాముడి తల్లి పేరు చెప్పలేకపోవడం ఆయనను ఈ పనికి పురికొల్పింది. పురాణాలు, చరిత్ర, జానపదం కామిక్స్‌గా ఇంటింటికీ చేరాయి. తెలుగుతో పాటు అనేక భాషల్లో వెలువడ్డాయి. తమిళనాడులోని శివకాశిలో 1972లో మొదలైన ముత్తు కామిక్స్ విదేశీ సాహస కథలను తమిళ పాఠకులకు అలవాటు చేసింది.

తెలుగువారి బొమ్మల కథ

తెలుగులో పిల్లల పత్రికకు గట్టి పునాది వేసినవారు రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి. 1945లో మద్రాసు నుంచి ‘బాల’ పత్రికను తెచ్చారు. రెండేళ్లకు, 1947 జూలైలో, బి. నాగిరెడ్డి, చక్రపాణి ‘చందమామ’ను తెలుగు, తమిళాల్లో ప్రారంభించారు. ‘పాతాళభైరవి’, ‘మాయాబజార్’ తీసిన విజయా సంస్థ వెనక ఉన్నదీ ఈ ఇద్దరే. చందమామ క్రమంగా పన్నెండుకు పైగా భాషలకు విస్తరించింది. 1952 నుంచి 1980లో కన్నుమూసేదాకా కొడవటిగంటి కుటుంబరావు దాని సంపాదకత్వాన్ని నడిపారు.

చందమామను బొమ్మలు నిలబెట్టాయి. ఎం.టి.వి. ఆచార్య మహాభారత చిత్రాలు, ‘చిత్ర’ పేరుతో టి.వి. రాఘవన్ గీసిన సీరియల్ బొమ్మలు, వడ్డాది పాపయ్య ముఖచిత్రాలు, శంకర్ గీసిన భేతాళ కథల బొమ్మలు మూడు తరాల కళ్లలో నిలిచిపోయాయి. భుజాన శవంతో, చేత కత్తితో నడిచే విక్రమార్కుడి రూపం శంకర్ చేతిదే. ఆయన అసలు పేరు కె.సి. శివశంకరన్. 2020లో 90 ఏళ్లు దాటిన వయసులో కన్నుమూశారు. 2021లో కేంద్ర ప్రభుత్వం మరణానంతరం పద్మశ్రీ ప్రకటించింది.

కథల్లో పిల్లలను నెలంతా ఎదురుచూసేలా చేసినవి జానపద సీరియళ్లు. 1954లో ‘తోకచుక్క’తో మొదలై ‘మకరదేవత’, ‘ముగ్గురు మాంత్రికులు’, ‘కంచుకోట’, ‘జ్వాలాద్వీపం’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’, ‘శిథిలాలయం’, ‘రాతిరథం’, ‘యక్షపర్వతం’, ‘మాయాసరోవరం’, ‘భల్లూక మాంత్రికుడు’ వరకు ఈ 12 సీరియళ్లనూ రాసింది ఒక్కరే, దాసరి సుబ్రహ్మణ్యం. అయితే చందమామలో సీరియల్ మీద రచయిత పేరు ఉండేది కాదు. ఆ కథల కోసం పోస్టుమాన్ దారి చూసిన పిల్లలకు వాటిని రాసిందెవరో పెద్దయ్యేదాకా తెలియలేదు. 2010 జనవరిలో ఆయన మరణించేనాటికి ఆ పేరు అభిమానులకు సుపరిచితమైంది. అందులో పాత సంచికలను వెతికి చదివినవారి పాత్ర చిన్నది కాదు.

గడుల్లో గీసే అసలు సిసలు కామిక్స్‌కు తెలుగులో పెద్దపేరు బుజ్జాయి. ఆయన కవి దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు, అసలు పేరు సుబ్బరాయశాస్త్రి. ‘డుంబు’ అనే అల్లరి పిల్లవాడిని తెలుగు పత్రికల్లో సృష్టించారు. 1960ల్లో ఇంగ్లిష్ వారపత్రిక ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియాలో పంచతంత్రాన్ని ఏళ్ల తరబడి బొమ్మల కథగా నడిపారు. తెలుగు చిత్రకారుడి గీత దేశమంతటా చదివిన కామిక్స్‌గా మారిన సందర్భం అది. ఆ పంచతంత్రం తర్వాత పుస్తకరూపంలో తెలుగు పిల్లలకు అందింది.

ఆగిన పత్రిక, తిరిగొచ్చిన కథ

1970ల్లో ‘బొమ్మరిల్లు’, ‘బాలమిత్ర’ లాంటి పత్రికలు కూడా చందమామ పక్కన నిలిచాయి. తర్వాతి దశాబ్దాల్లో టీవీ వచ్చింది, ఇంగ్లిష్ బడులు పెరిగాయి, పిల్లల పత్రికలు ఒక్కొక్కటిగా మూతపడ్డాయి. చందమామ 1998లో ఆగి, కొంతకాలానికి మళ్లీ మొదలైంది. 2007లో జియోడెసిక్ అనే కంపెనీ చేతికి వెళ్లింది. మరికొన్నేళ్లకు పూర్తిగా నిలిచిపోయింది.

పత్రిక పోయినా కథ పోలేదు. చివరి దశాబ్దాల్లో చందమామే తన పాత సీరియళ్లను మళ్లీ ప్రచురించింది. ఆ తర్వాత ఆ పని పాఠకులు, చిన్న ప్రచురణ సంస్థలు తలకెత్తుకున్నాయి. ‘రచన’ పత్రిక సంపాదకుడు శాయి వాహినీ బుక్ ట్రస్ట్ తరఫున దాసరి రచనలను పుస్తకాలుగా తెచ్చారు. బొమ్మరిల్లులో వచ్చిన ‘మృత్యులోయ’ వాటిలో ఒకటి. పిల్లల సాహిత్యానికే అంకితమైన ‘మంచి పుస్తకం’ సంస్థ దాసరి చందమామ సీరియళ్లను పుస్తకాలుగా అందించింది. దశాబ్దాల కిందట నెలకు కొన్ని పేజీల చొప్పున చదివిన కథను తాతలు మనవల పక్కన కూర్చుని మొదటి నుంచి చివరిదాకా ఒక్క బిగిన చదవగలుగుతున్నారు. రీప్రింట్ చేసిన అన్నిటికంటే పెద్ద మేలు ఇదే.

పాత పేజీ కొత్త అచ్చులోకి ఎలా వస్తుంది?

చిత్రకారుడు గీసిన అసలు బొమ్మ దొరికితే పని సులువు. చాలా సందర్భాల్లో అది దొరకదు. అచ్చయిన తర్వాత బొమ్మను భద్రం చేసే అలవాటు ఆనాటి ప్రెస్సుల్లో తక్కువ. కాబట్టి పునర్ముద్రణకు మూలం ఏదో ఒక ఇంట్లో మిగిలిన పాత సంచికే. దాన్ని స్కాన్ చేస్తారు. పసుపుబారిన కాగితం రంగును తొలగిస్తారు. వెనక పేజీ సిరా ఇవతలికి కనిపిస్తుంటే తుడుస్తారు. మడతలు, చిరుగులు, మరకలు ఒక్కొక్కటిగా సరిచేస్తారు.

ఇందులో ఒక చిక్కు ఉంది. పాత రంగుల బొమ్మను అద్దంతో దగ్గరగా చూస్తే సన్నని చుక్కల వరసలు కనిపిస్తాయి. అచ్చులో రంగుల ఛాయలు వచ్చేది ఆ చుక్కలతోనే. చుక్కలున్న బొమ్మను స్కాన్ చేసి మళ్లీ చుక్కలుగా అచ్చువేస్తే రెండు వరసలూ ఒకదానిమీద ఒకటి పడి, బొమ్మ మీద జల్లెడలాంటి అల్లిక పైకి తేలుతుంది. మంచి ముద్రాపకుడు ఆ చుక్కలను ముందే మెత్తబరిచి, తర్వాత అచ్చుకు పంపుతాడు. మరీ మెత్తబరిస్తే గీత పదును పోతుంది. చిత్ర గీసిన రాక్షసుడి కోరలో, శంకర్ గీసిన నగల్లో ఉండే సన్నని గీత నిలిచిందా లేదా అన్నదే రీప్రింట్ నాణ్యతకు గీటురాయి.

మరో లోటు కూడా ఉంటుంది. ఇళ్లలో చందమామలను ఏడాదికొకటిగా బైండు చేయించేటప్పుడు అట్టలు, ప్రకటనల పేజీలు తీసేయడం, అంచులు కోసేయడం మామూలుగా జరిగేది. అందువల్ల కథ పూర్తిగా దొరికినా వడ్డాది పాపయ్య ముఖచిత్రం దొరకని సంచికలు ఎన్నో. అట్టలతో సహా ఉన్న విడి సంచిక ఒక్కటి దొరికినా అది రీప్రింట్ వేసేవారికి పెన్నిధి.

అసలుదా, మళ్లీ వేసిందా?

కొనేముందు పోల్చుకోవడానికి కొన్ని గుర్తులున్నాయి. లోహపు అక్షరాలతో, బ్లాకులతో అచ్చయిన పాత కాగితాన్ని వెనకవైపు వేలితో తడిమితే అక్షరాల నొక్కు తగులుతుంది. ఆఫ్‌సెట్ అచ్చులో ఆ నొక్కు ఉండదు. పాత న్యూస్‌ప్రింట్ అంచుల నుంచి లోపలికి పసుపుబారుతుంది. తెల్లటి మందపాటి కాగితం మీద పాత తేదీ ఉంటే అది యథాతథ ప్రతి అయి ఉండవచ్చు. పాత పిన్నుల చుట్టూ తుప్పు మరక ఉంటుంది. ముద్రణ వివరాల పేజీలో సంవత్సరం, ఎన్నో ముద్రణ, ప్రెస్సు పేరు చూడాలి.

అమర్ చిత్ర కథలో అంకె కూడా చాలా చెబుతుంది. మొదటి వరుసలో 11వ సంఖ్యగా వచ్చిన ‘కృష్ణ’, తర్వాత కొత్త వరుస అంకెలు వేసినప్పుడు 501 అయింది. ఆ అంకెల తేడా తెలిస్తే ఒకే కథను రెండుసార్లు కొనే పొరపాటు తప్పుతుంది.

మోసం ప్రపంచమంతటా ఉంది. 1974లో డీసీ సంస్థ ‘యాక్షన్ కామిక్స్’ మొదటి సంచికను పెద్ద సైజులో మళ్లీ వేసి, పైన వేరే అట్ట చుట్టింది. ఆ పై అట్టను చింపేసి లోపలిదాన్ని 1938 నాటి అసలు ప్రతిగా అమ్మజూపినవారున్నారు. అసలు సంచిక సైజు తెలిసినవారు ఆ వలలో పడలేదు. రీప్రింట్‌ను రీప్రింట్‌గా కొనడంలో తప్పేమీ లేదు. అసలు ధర పెట్టి కొనడమే నష్టం.

ఎల్లంతకుంటలో కూర్చుని సేకరించాలంటే

రాజన్న సిరిసిల్ల జిల్లాలోని ఎల్లంతకుంట లాంటి మండల కేంద్రంలో ఇలాంటి పుస్తకాలు ఎదురుగా కనిపించవు. వెతుక్కోవాలి. కొత్త రీప్రింట్లకు ప్రధాన ఆధారం డిసెంబరు ప్రాంతంలో జరిగే హైదరాబాద్ పుస్తక ప్రదర్శన, జనవరి మొదట్లో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం. ప్రచురణకర్తల స్టాళ్లు ఒక్కచోట ఉంటాయి కనుక మిగిలిన భాగాలు అక్కడ పూరించుకోవచ్చు. మిగతా రోజుల్లో ప్రచురణకర్తకు నేరుగా రాస్తే తపాలాలో పుస్తకాలు పంపుతారు. పాత సంచికలకు హైదరాబాద్ అబిడ్స్‌లో ఆదివారం పుస్తకాలు పరిచే కాలిబాటలు, కోఠి దుకాణాలు పేరుపడ్డవి. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో పాత పేపర్లు కొనే కొట్లకు కూడా ఒక మాట చెప్పి ఉంచితే, తూకానికి వచ్చిన కట్టల్లోంచి ఒక్కోసారి మంచి సంచిక బయటపడుతుంది.

సేకరణకు ఒక దారి ఎంచుకోవడం అవసరం. అన్నీ కావాలనుకుంటే ఏదీ పూర్తికాదు. ఒక రచయిత, ఒక చిత్రకారుడు, ఒక పత్రిక, ఒక దశాబ్దం అని గీత గీసుకోవాలి. దాసరి 12 సీరియళ్లు పూర్తిచేయడం మంచి మొదటి లక్ష్యం. జాబితా ముందే తెలుసు, ఎక్కడ ఆగాలో కూడా తెలుసు. బుజ్జాయి పంచతంత్రం రెండో మెట్టు. ఒక నోటుబుక్కులో పుస్తకం పేరు, ముద్రణ సంవత్సరం, కొన్న తేదీ, ధర, పేజీల సంఖ్య, లోపాలు రాసి ఉంచాలి. ఆ పట్టిక లేకపోతే పోగుచేసినవి గుట్టగానే ఉండిపోతాయి.

హక్కుల సంగతి

పాతది కనుక ఎవరైనా అచ్చువేసుకోవచ్చు అనుకోవడం పొరపాటు. 1957 నాటి భారత కాపీరైట్ చట్టం ప్రకారం రచనకు రచయిత జీవితకాలం, ఆ తర్వాత 60 ఏళ్లు రక్షణ ఉంటుంది. పేరు లేకుండా వచ్చిన రచనకు ప్రచురణ నుంచి 60 ఏళ్లు లెక్కిస్తారు. అయితే ఆ గడువులోపు రచయిత ఎవరో వెల్లడైతే జీవితకాలపు లెక్కే వర్తిస్తుంది. కథకు ఒకరు, బొమ్మకు మరొకరు కర్తలు కనుక రెండింటినీ విడిగా చూడాలి. పత్రికలో ఉద్యోగిగా చేసిన పనిపై హక్కు యజమాని సంస్థది కావచ్చు. ఇన్ని ముడులు విప్పితేగాని ఒక పాత సీరియల్ సక్రమంగా మళ్లీ అచ్చు కాదు. అనుమతి తీసుకుని, రచయిత పేరు, చిత్రకారుడి పేరు అట్టమీద వేసిన పుస్తకాన్నే కొనాలి. బతికున్నప్పుడు సీరియల్ మీద పేరు చూసుకోలేని రచయితకు పాఠకుడు ఇవ్వగల గౌరవం అది.

ఎండ, తేమ, చెద

రోహిణి కార్తె ఎండకు కాగితం పెళుసవుతుంది. ముసురు రోజుల తేమకు బూజు పడుతుంది. పుస్తకాల అరను గోడకు ఆనించకుండా, నేలకు జానెడు ఎత్తున ఉంచితే చెద ఆలస్యంగా చేరుతుంది. సేకరణ మొత్తాన్ని ఏడాదికి రెండుసార్లయినా బయటికి తీసి, నీడలో ఆరబెట్టి, దుమ్ము దులపాలి. ఎండలో ఆరబెట్టకూడదు, రంగులు వెలిసిపోతాయి. అరల్లో ఎండిన వేపాకు పరచడం ఊళ్లలో పాత అలవాటు.

చిరిగిన పేజీకి సెలోటేపు వేయకూడదు. కొన్నేళ్లకు దాని జిగురు గోధుమరంగుకు తిరిగి కాగితాన్ని తినేస్తుంది. లామినేషన్ చేయిస్తే మళ్లీ విప్పడం సాధ్యం కాదు. బైండింగ్ చేయించేటప్పుడు దారం కుట్టు కోరాలి, అంచులు కోయవద్దని ముందే చెప్పాలి. మైదా జిగురు పురుగును పిలుస్తుంది కనుక పాతకాలపు బైండర్లు దానిలో కాస్త మైలుతుత్తం కలిపేవారు. తుప్పుపట్టిన పిన్నులను తీసి దారంతో కుట్టిస్తే పేజీ మధ్యలో చిరగదు.

చుట్టడానికి ప్లాస్టిక్ సంచి కంటే నూలుబట్ట మేలు. తాళపత్ర గ్రంథాలను మన పెద్దలు బట్టలో కట్టి ఉంచింది ఊరికే కాదు, బట్ట దుమ్మును ఆపుతుంది, గాలిని ఆడనిస్తుంది. మగ్గాల ఊరు సిరిసిల్ల పక్కనే ఉన్న పాఠకులకు నూలుబట్ట కొరత లేదు. రంగు వేయని కోరా బట్టను ఒకసారి ఉతికి గంజి పోగొట్టి వాడాలి. గంజి కూడా పురుగుకు ఆహారమే.

ఒక్క ప్రతి చాలు

ఇళ్లలో మిగిలిన పాత ప్రతులు, వాటిని తీసి ఇచ్చిన పాఠకులు లేకపోతే పునర్ముద్రణ అన్న మాటే లేదు. ఎవరో ఒక తాత బైండు చేయించి ఉంచాడు, ఇంకెవరో తూకానికి వేయకుండా ఆపారు, మరొకరు ఓపికగా స్కాన్ చేశారు. ఈ మూడు పనుల్లో ఏది జరగకపోయినా ఆ కథ కొత్త పిల్లల చేతికి రాదు. ఇంకా మళ్లీ అచ్చుకు రాని బాల, బొమ్మరిల్లు, బాలమిత్ర సంచికలు ఎన్నో ఉన్నాయి. వాటి ప్రతులు ఎల్లంతకుంట పల్లెల్లో, కోరుట్ల, జగిత్యాల పాత ఇళ్లలో, అటకల మీద, ఇనుప పెట్టెల అడుగున ఉండే అవకాశం ఉంది.

ఇల్లు సర్దేటప్పుడు, మిద్దె కూలగొట్టేటప్పుడు పాత పుస్తకాల కట్టను కిలోల లెక్కన అమ్మేముందు ఒక్కసారి విప్పి చూడండి. బొమ్మల సంచిక కనిపిస్తే తేదీ రాసుకోండి, అట్ట ఉంటే మరీ జాగ్రత్త చేయండి. దగ్గరలోని శాఖా గ్రంథాలయానికో, పిల్లల పుస్తకాల ప్రచురణకర్తకో ఆ సంగతి తెలియజేయండి. ఒక్కో రీప్రింట్ కొని ఇంట్లో పిల్లల ముందు పెట్టండి. పిల్లలు చదివితేనే ఆ కథకు మరో ముద్రణ పడుతుంది.